రాయమతి వంతెన పలక

కిందటి వారం హెప్సీని వాళ్ల పెరటి గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. నీళ్ల డ్రమ్ము వెనక గోనెసంచి కిందనుంచి తొంగిచూస్తున్న నల్లటి ఇనప అంచు అప్పుడే ఆమె కంట పడింది. రాయమతి నది మీది పాత ఉక్కు వంతెన నుంచి మాయమైన పలక అది. కలకత్తా పక్కన సంత్రాగాఛి అవతల టూరిస్టుల కోసం ఇంకా నడుస్తున్న చిన్న రైలుకు ఆ వంతెనే ఆధారం. తుప్పు తినేసిందని ఇప్పుడు దాన్ని విప్పేస్తున్నారు. పక్కనే కట్టిన కొత్త వంతెనను ఆ చోటులోకి జరపబోతున్నారు. పాత ముక్కల్లో మ్యూజియంలో పెట్టాల్సినవేవో గుర్తించడం ఇంజనీరు హెప్సీ పని. వంతెన చేసిన కంపెనీ పేరు పోతపోసిన ఆ పలక కనబడటం లేదని మొదట గోల చేసింది ఆమే. విచారణలో గ్యాస్ కట్టర్ కామేష్ మీదికి అందరి చూపూ మళ్లించిందీ ఆమే. కామేష్‌ని ఆ పూటే పనిలోంచి తీసేశారు.

హెప్సీ వంగి గోనెసంచిని పక్కకు లాగింది.

భోజనం పళ్లెం కంటే కాస్త పెద్దది, కోలగా ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లు ఫొటో తీసిందో, ఎన్నిసార్లు చేత్తో తడిమిందో! కానీ దాని వెనకవైపు మాత్రం ఎప్పుడూ చూడలేదు. స్తంభానికి బోల్టులతో బిగించి ఉన్నదాని వీపు ఎవరు చూస్తారు? ఇప్పుడది బోర్లా పడుకుని ఉంది. తుప్పంతా గీకి, నల్లరంగు పూసి, దాని మీద తెల్లరంగుతో గుండ్రంగా తెలుగు అక్షరాలు రాసి ఉన్నాయి. ఆ చేతిరాత ఎవరిదో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉద్యోగమంతా రైల్వే వంతెనలకు రంగులు వేసి, స్తంభాల మీద అంకెలు రాసిన చెయ్యి అది.

తెలుగు మాట్లాడటమే గాని చదవడం హెప్సీకి అంతంతమాత్రం. సండే స్కూల్లో పాటలకోసం నేర్చుకున్న అక్షరాలు ఎప్పుడో మొహం చాటేశాయి. చిన్నపిల్లలా ఒక్కొక్కటే కూడబలుక్కుంది. వెం... క... ట... ర... ఆ తర్వాతి ఒత్తు దగ్గర ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది.

వెంకటరత్నం. తాత పేరు.

"రంగు ఆరనేదమ్మా. సెయ్యెట్టకు."

వెనక్కి తిరిగింది. తండ్రి జీవానందం చేతిలో చిన్న బ్రష్షుతో నిలబడి ఉన్నాడు. చర్చికి వేసుకెళ్లిన తెల్లచొక్కా విప్పేసి బనీనుతో ఉన్నాడు. దొరికిపోయిన మనిషిలా లేడు. పనిలో ఉండగా ఎవరో అడ్డొచ్చినట్టు చూస్తున్నాడు, అంతే.

"నాన్నా, ఇది... ఇక్కడికెలా వచ్చింది?"

"నానే తెచ్చినాను."

"ఎప్పుడు?"

"పోయిన ఆదోరం ఆరాదన అయినాక నీకు కేరేజీ అట్టుకుని వంతెన కాడికి రానేదా? బోల్టులకి ముందే కిరసనాయిలు పోసుంచినాను. సుల్వుగానే వచ్చీసినాయి." బ్రష్షును డబ్బా అంచుకు ఒత్తి రంగు జారనిచ్చాడు. "ఆ కేరేజీ సంచిలోనే ఏసుకొచ్చినాను. నువ్వే కదా గేటు దాకా వచ్చి దింపినావు!"

హెప్సీకి గుర్తొచ్చింది. గేటు దగ్గర గార్డు సంచి విప్పమన్నాడు. నాన్న సంచి మీద చెయ్యి వేసుకుని ఊరుకున్నాడు. వయసు మీదపడ్డ మనిషిని పట్టుకుని సోదా ఏమిటని ఆమెకే చిరాకొచ్చి, "ఆమార్ బాబా, ఛేడే దిన్" అంది. మా నాన్న, వదిలెయ్యండి అని. గార్డు నమస్కారం పెట్టి మరీ గేటు తెరిచాడు.

అంటే దొంగసొత్తును దగ్గరుండి గేటు దాటించింది తనే.

 "నీకేమైనా మతి పోయిందా నాన్నా? అది గవర్నమెంటుది! ఎందుకు తెచ్చావు?"

జీవానందం తిరగేసి ఉన్న బకెట్టు మీద కూర్చున్నాడు.  వంటింట్లోంచి తల్లి విజయ కుమారి చేతులకు పిండితోనే గుమ్మంలోకి వచ్చి, పలకనీ కూతుర్నీ చూసి, నాలుక కరుచుకుంది. ఆవిడకి ముందే తెలుసని హెప్సీకి ఆ చూపులోనే అర్థమైంది.

"మీ తాత ఎలాగ పోనాడని నీకు సెప్పినాను?" అన్నాడు జీవానందం.

"రైల్వే యాక్సిడెంట్‌లో."

"యాక్సిడెంటే. ఆ వంతెన మీదే. రివిట్లు మార్చే గేంగులో ఉండీవోడు. వరద రోజుల్లో పైకెక్కించినారు. జారి ఏటిలో పడిపోనాడు. శవం దొరకనేదు." బ్రష్షు పక్కన పెట్టాడు. "తాగి పడిపోనాడని పైకి సెప్పీసినాడు గేంగు మిస్త్రీ. మా అయ్య సుక్క ముట్టుకునీవోడు కాదు. అయినా అదే ఖాయమైపోనాది. రైల్వే క్వార్టర్ల లైనంతా ఆ మాటే. మా యమ్మ చర్చిలో ఎనక బెంచీ మీద కూకునీది, మొకం మీదికి ముసుగు లాక్కుని. అందుకే నీకెప్పుడూ సెప్పనేదు. నాకూ సిగ్గే."

హెప్సీ వంగి, పలక మీద ఆరని అక్షరాలను మళ్లీ చూసింది.

"సమాదుల పండక్కి అందరూ ఆళ్లాళ్ల సమాదులకి సున్నాలేసుకుని కేండిల్సు పెట్టుకుంతారు. మనకేదీ సమాది? నాను వంతెన కాడికెల్లి నిలబడి వచ్చీవోడిని. ఇప్పుడదీ తుక్కుకి పోతంది. ఈ పలకొక్కటీ మ్యూజియమ్ములో ఎడతారని నువ్వే సెప్పినావు. ఇంగ్లండు కంపెనీవోడి పేరుకి మ్యూజియమ్ము. మా అయ్య పేరుకేటున్నాది?" పలక వైపు గడ్డంతో చూపించాడు. "పాస్టరుగారితో సెప్పి, గోడవార కాసింత జాగా అడుగుదామనుకున్నాను. ఎనక్కి తిప్పి పాతితే ఎవులికి తెలస్తాది?"

"అప్పటికీ నేను మొత్తుకున్నాను," అంది విజయ కుమారి. "పిల్ల ఉజ్జోగానికి ముప్పొస్తాదని సెప్పినాను. నా మాటింటేనా?"

ఇంకోరోజైతే హెప్సీ ఆ బకెట్టు పక్కన కూలబడి తండ్రి మోకాళ్లు పట్టుకునేదేమో. ఇవాళ మాత్రం ఆమెకు విచారణ గదిలో నిలబడ్డ మనిషి మొహం తప్ప ఇంకేదీ కనబడటంలేదు.

"నాన్నా, దీనివల్ల ఒకతని పని పోయింది."

జీవానందం తలెత్తాడు. "ఎవులికి?"

"గ్యాస్ కట్టర్. ఆ స్తంభం దగ్గర సాయంత్రం అతనొక్కడే ఉన్నాడని అతని మీదికి వెళ్లింది అనుమానం."

"నువ్వేదో వస్తువు పోనాదని సెప్పినావు గాని, ఇది సెప్పనేదే?"

"చెప్పలేదు."

"ఎవులా మనిషి? పేరేటి?"

"కామేష్. టెక్కలి వైపు నుంచి వచ్చాడు."

"మనోడా?" తండ్రి గొంతు మారింది. "మరి నువ్వున్నావు కదా అక్కడ. నువ్వేటి సెప్పినావు?"

అదే హెప్సీ భయపడుతున్న ప్రశ్న. తల్లికి గాని, చర్చిలో స్నేహితురాళ్లకు గాని, ప్రార్థనలో దేవుడికి గాని ఇంతవరకు ఆ సంగతి నోరు విప్పి చెప్పలేదు. పొద్దున ఆరాధనలో అందరూ కళ్లు మూసుకుంటే తను మాత్రం నేలమీది గచ్చు చూస్తూ కూర్చుంది.

విచారణ సైటు ఆఫీసులో జరిగింది. ప్రాజెక్టు మేనేజరు ఘోషాల్ బల్లకు ఆ వైపు కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. హెప్సీని చెల్లెల్లా చూస్తాడు, ఆమె అన్నయ్యని పిలిచినట్టు ఘోషాల్‌దా అని పిలుస్తుంది. కామేష్‌ని లోపలికి పిలవబోయే ముందు ఆయన కాగితాలు సర్దుకుంటూ మామూలుగానే అన్నాడు: "ఓరా తో తోమాదేరీ లోక్, తాయ్ నా?" వాళ్లు మీవాళ్లే కదా అని.

అంతే. ఆ ఒక్క మాట చాలింది హెప్సీకి. కలకత్తాలోనే పుట్టింది, ఇక్కడే చదివింది, ఆఫీసులో బెంగాలీవాళ్లకంటే బాగా బెంగాలీ మాట్లాడుతుంది. ఆ మాటతో ఆఫీసర్ల పక్కనున్న తన కుర్చీని ఎవరో కాలితో తోసి, అటు కూలీల వైపు జరిపేసినట్టయింది. కామేష్ లోపలికొచ్చి నిలబడ్డాడు. అందరి మొహాలూ చూసి, చివరికి ఆమె మొహం దగ్గర ఆగాడు.

"అమ్మా, మీరు తెలుగోలే కదా. పలక మీద ఏటి రాసుందని మిమ్మల్ని అడిగినాను గాని, నాను తియ్యనేదమ్మా. ఈ బాబులకి మీరు సెప్పండమ్మా," అన్నాడు.

అతను అడిగిన మాట నిజం. ఒకరోజు పని మధ్యలో మసి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి అడిగాడు. ఆమె చదివి చెప్పింది. ఓహో అని నవ్వి వెళ్లిపోయాడు. విచారణలో ఆ సంగతి ఆమె అలా చెప్పలేదు. "అవును, దాని గురించి నన్ను ఆరా తీశాడు" అని బెంగాలీలో చెప్పింది. ఆ పైన కామేష్ వైపు తిరిగి, "హిందీ మే బోలో" అంది, హిందీలో మాట్లాడు అని.

ఇప్పుడు పెరట్లో నిలబడి అదంతా చెప్పింది, ఎక్కడా తండ్రి వైపు చూడకుండా. ఆరా తీశాడన్న మాటను ఉన్నదున్నట్టు చెప్పింది. హిందీ సంగతి దాటేద్దామనుకుంది గాని, దాటితే ఇంక జన్మలో చెప్పలేనని తెలిసి అదీ చెప్పేసింది.

పక్కింటివాళ్ల పంపు కింద బిందె నిండి పొర్లుతోంది.

"మన బాసలో అడిగినాడా?" అన్నాడు జీవానందం చివరికి.

"ఊఁ."

"నువ్వు అర్తం కానట్టు ఊరుకున్నావా?"

హెప్సీ తలూపింది. తండ్రి తిడితే బాగుండుననిపించింది. చిన్నప్పుడు ఒకసారి స్కూలు గేటు దగ్గర రంగు మరకల బట్టలతో వచ్చిన నాన్నని స్నేహితురాళ్లకు చూపించకుండా గబగబా నడిచి వెళ్లిపోయింది. అప్పుడూ ఆయన తిట్టలేదు. మర్నాటినుంచి స్కూలు దగ్గరికి రావడం మానేశాడు.

"పొద్దున్నే సైటుకి వెళ్తాను," అంది తొందరతొందరగా. "రంగు గీకేసి, దీన్ని గట్టు కింద గడ్డిలో పడేస్తాను. విప్పేటప్పుడు జారిపడింది, ఎవరికో దొరికింది అనుకుంటారు. అతని మీద అనుమానం పోతుంది. నీ పేరూ రాదు."

"అదే మంచిది," అంది విజయ కుమారి వెంటనే.

"నీ పేరూ రాదు," అన్నాడు జీవానందం. కూతురి మాటనే మెల్లిగా తిరిగి అన్నాడు. వెటకారం లేదు అందులో. అయినా హెప్సీకి పెరట్లో నిలబడటానికి చోటు చాలనట్టయింది.

ఆయన లేచాడు. చేతులకంటిన తెల్లరంగును కిరసనాయిలు గుడ్డతో తుడుచుకున్నాడు. దండెం మీంచి చర్చి చొక్కా తీసి వేసుకుని, గుండీలు పెట్టుకుంటూ అడిగాడు.

"ఆ కుర్రోడిల్లెక్కడ?"

* * *

కామేష్ గార్డెన్ రీచ్‌లో ఉంటాడని హెప్సీకి తెలుసు. బ్రిడ్జి పనికి రాకముందు అక్కడి ఓడల యార్డులో కాంట్రాక్టు పని చేసేవాడు. ఆ గది ఇంకా వదల్లేదు. తండ్రీకూతుళ్లు బస్సెక్కి రెండో హుగ్లీ వంతెన మీదుగా ఖిదిర్‌పూర్‌లో దిగారు. మామూలుగా ఆ వంతెన ఎక్కితే జీవానందం నోరు ఊరుకోదు, ఆ తీగల లావెంతో, వాటికి రంగులెలా వేస్తారో పక్కన ఎవరున్నా చెబుతాడు. ఇవాళ కిటికీలోంచి నీళ్లు చూస్తూ కూర్చున్నాడు. హెప్సీ ఒకటి రెండుసార్లు మాట కలపబోయి మానుకుంది.

అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లి దిగాక ఒక సందు, దాని లోపల ఇంకో సందు. ఇస్త్రీ కొట్టువాడు "కామేష్‌దా? ఓయ్ జే" అని రేకుల వరస చివరి గది చూపించాడు. గుమ్మం ముందు ఒకావిడ పొయ్యి ఊదుతోంది. పాతికేళ్లుంటాయేమో. మెడలో పసుపుతాడు, నుదుట పెద్ద బొట్టు.

"కామేష్ ఇల్లు ఇదేనామ్మా?" అన్నాడు జీవానందం.

ఆ తెలుగు వినగానే ఆవిడ మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. కొంగు సర్దుకుంటూ లేచింది. "ఇదే తాతా! రండి రండి. ఆయన పెళ్లాన్నే, జయలక్ష్మిని. ఎక్కడినుంచొచ్చినారు?"

"సంత్రాగాఛి. కామేష్ సంగతి తెలిసి వచ్చినాం."

"సంగతి తెలిసి ఇంత దూరం వచ్చినారా?" ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. "ఊర్నుంచి వచ్చినోలు కూడా మా గుమ్మం తొక్కడం మానేసినారు తాతా. ఓలప్పా, నిలబడిపోనావేటి? లోపలికి రా."

ఓలప్పా అన్నది హెప్సీని. వాళ్ల వైపు అక్కని అప్పా అంటారు. హెప్సీ అమ్మమ్మ కూడా తన అక్కని అలాగే పిలిచేది.

ఒకటే గది. మంచం మీద దుప్పటి మార్చి ఇద్దర్నీ కూర్చోబెట్టింది. వద్దంటున్నా వినకుండా టీ పెట్టింది. పక్కింటికెళ్లి పాలు అడిగి తెచ్చింది. కామేష్‌ని పొద్దున సైటుకు రమ్మని కబురొచ్చిందట, వెళ్లాడట. పిలిచారంటే మళ్లీ పనిలో పెట్టుకుంటారేమోనని ఆవిడకి ఆశ. గ్లాసులు అందిస్తూనే ఆవిడ మాటలు ఏరులా పారాయి. ఇన్ని రోజులుగా మొగుడు తప్ప తెలుగులో మాట్లాడే మనిషి దొరక్క ఎంత ఉక్కిరిబిక్కిరైందో ఆ మాటల్లోనే తెలుస్తోంది.

"దొంగతనం అంతే ఏటో మా ఇంటా వంటా నేదు తాతా. ఆ పలక మీద రాతలు సూసి ముచ్చట పడినాడు. ఇంటికొచ్చి నాతో సెప్పినాడు కూడా, ఇంత పాతది, ఇలాగ పోతపోసినారు, అక్షరాలు ఎంత బాగున్నాయో అని. ఆ మేడమ్మే సదివి సెప్పినాదంట. ఆ మేడమ్మే నిలబడి, ఈడు ఆరా తీసినాడని సెప్పినాదంట!"

జీవానందం గ్లాసు వైపు చూస్తున్నాడు.

"మా ఆయనకి పిచ్చి. ఆ మేడమ్ మన తెలుగావిడే అంతాడు. మొకం సూత్తే తెలస్తాదంట. ఆవిడ నాన్న కూడా కేరేజీ తెచ్చి ఇత్తూ తెలుగులోనే మాటాడినాడంట. నానే సెప్పినాను, నీ మొకం, తెలుగావిడైతే అలాగ అంతాదా? నువ్వు మన బాసలో మొరపెట్టుకుంతే హిందీలో మాటాడమంతాదా? బెంగాలీ ఆవిడే, నీ మాట అర్తం కానేదు, ఆవిడ మట్టుకేటి సేస్తాది అని సెప్పి నిద్రపుచ్చినాను. నేపోతే ఆ సంగతే తలుచుకుని కుమిలిపోతన్నాడు. పని పోనాదని కాదప్పా, మనోలే అలాగన్నారని!" హెప్సీ వైపు తిరిగి, "తాగప్పా, సల్లారిపోతంది. పంచదార సరిపోనేదా?" అంది.

హెప్సీ ఒక గుక్క తాగింది.  ఈవిడ పక్కింట్లో అడుక్కొచ్చిన పాలు. తన తరఫున మొగుడితో వాదించి, తనని మంచిదాన్ని చేసి, అతణ్ణి నిద్రపుచ్చిన మనిషి.

తండ్రి వైపు చూసింది. ఆయన చూడలేదు. చెప్పు అనీ అనలేదు, వద్దు అనీ అనలేదు. ఆ పని ఆమెకే వదిలేశాడు.

హెప్సీ గ్లాసు కింద పెట్టింది.

"నాకు తెలుగు వచ్చు," అంది. మాట ఎలా మొదలెట్టాలో తెలియక అక్కడ మొదలెట్టింది. "ఆ మేడమ్‌ని నేనే. అతను చెప్పింది మొత్తం నాకర్థమైంది. అర్థమయ్యే అలా అన్నాను."

జయలక్ష్మి మొదట నవ్వబోయింది. వేళాకోళం అనుకుంది కాబోలు. తర్వాత ఆ నవ్వు ఎటూ పోలేక మొహం మీదే ఉండిపోయింది. మంచం దగ్గర కింద కూర్చున్న మనిషి లేచి, రెండడుగులు వెనక్కి జరిగి, కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"తమరా మేడమ్?" అంది.

అప్పా అన్న పిలుపు పోయింది. హెప్సీకి ఎవరో చెంప పగలగొట్టినా అంత తగిలేది కాదు.

"పలక తీసినోడిని నాను తల్లీ," అన్నాడు జీవానందం. "మా ఇంట్లోనే ఉన్నాది. నీ పెనిమిటికి దానితో ఏటీ సమ్మందం నేదు. ఆ మాట సెప్పడానికే వచ్చినాం. రేపు నానే సైటుకెల్లి ఒప్పుకుంతాను."

జయలక్ష్మి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడ ఏదో అనబోయేంతలో గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

కామేష్ చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. పొద్దున వెళ్లినవాడు పొద్దువాలే వేళకు వచ్చాడు. గదిలోకి ఒక కాలు పెట్టి, మంచం మీద ఉన్నదెవరో చూసి, ఆ కాలు వెనక్కి తీసేసుకున్నాడు. తన ఇంటి గుమ్మం బయటే నిలబడి రెండు చేతులూ ముందుకు కట్టుకున్నాడు.

"మేడమ్‌జీ, మైనే మాన్ లియా," అన్నాడు. ఒప్పేసుకున్నానని. "అబ్ ఔర్ క్యా కర్నా హై?" ఇంకా నన్నేం చెయ్యమంటారు అని.

తన గదిలో, తన పెళ్లాం ముందు, తెలుగు మనుషులిద్దరి ఎదుట, ఆమె చెప్పిన ప్రకారం హిందీలోనే మాట్లాడుతున్నాడు. హెప్సీ తల వాల్చేసింది.

"ఏటొప్పుకున్నావు?" జయలక్ష్మి గుమ్మంలోకి ఒక్క ఉదుటున వెళ్లింది. "ఏటొప్పుకున్నావయ్యా?"

అప్పుడు తెలుగులోకి వచ్చాడు కామేష్. పెళ్లాంతోనే చెబుతున్నట్టు, మిగతావాళ్లు అక్కడ లేనట్టు చెప్పాడు. కాంట్రాక్టరు మనుషులు రేకుల గదిలో కూర్చోబెట్టి పొద్దుట్నుంచీ అడిగిందే అడిగారు. కొట్టలేదు. పలక సంగతి తేలకపోతే తెలుగువాళ్ల బ్యాచి మొత్తాన్ని పంపించేస్తామన్నారు. ఆ బ్యాచిలో జయలక్ష్మి తమ్ముడున్నాడు, పెళ్లి కుదిరి ఊళ్లో పందిరి వేయించుకుంటున్న మనిషి ఉన్నాడు. నువ్వొక్కడివీ ఒప్పుకుంటే కేసు పెట్టం, మిగిలినవాళ్ల జోలికి రాం అన్నారు.

"ఒప్పేసుకున్నాను. పలకేదీ అన్నారు. ఏటి సెప్పను? ఏటిలో పారీసినాను అన్నాను. రేపు ఈతగాళ్లని దింపుతారంట. నానూ పడవెక్కి సోటు సూపించాలంట."

"ఎక్కడని సూపిస్తావు?" అన్నాడు జీవానందం లేస్తూ. "నానుంచుకున్నాను బాబూ పలక. నా ఇంట్లో ఉన్నాది. రేపు పొద్దున్నే నాను..."

కామేష్ మొదటిసారి ముసలాయన వైపు తిరిగాడు. ఆ మాట తలకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక కోపం వస్తుందనుకుంది హెప్సీ. రాలేదు. భయం వచ్చింది.

"వొద్దు తాతా! ఇప్పుడెవరికీ సెప్పకండి. మేడమ్ నాన్న దగ్గర ఉన్నాదని తెలస్తే, మేమూ మీరూ ఒకటే అంతారు. తెలుగోలందరూ కలిసి సేసినారంతారు. మా బ్యాచి మొత్తం పోతాది. నాను దొంగనైపోతే పోయింది ఒక్కడినే కదా. మీకు పున్నెముంటాది, ఊరుకోండి."

"అయితే నాను దొంగ పెళ్లాన్నేనా ఇంక?" అంది జయలక్ష్మి.

అతను ఆవిడ మొహం చూడలేకపోయాడు.

హెప్సీ బ్యాగులో ఫోన్ మోగింది. తీసి చూసింది. ఘోషాల్‌దా. గదిలో అందరూ ఆ ఫోన్ వైపే చూస్తున్నారు. బయటికెళ్లి మాట్లాడొచ్చు. ఇదివరకైతే అదే చేసేది. గుమ్మంలో కామేష్ ఉన్నాడు, అతన్ని తప్పుకోమనాలి. ఆ మాట నోట రాలేదు. స్పీకరు నొక్కి మంచం మీద పెట్టింది.

"హెప్సీ!" ఘోషాల్ గొంతులో పట్టరాని సంతోషం. బెంగాలీలో గడగడా మాట్లాడుతున్నాడు. "విన్నావా? వాడు ఒప్పుకున్నాడు. నువ్వు పట్టిచ్చినవాడే! రేపు కొత్త వంతెన జరిపే ముందు పెద్దసారు వస్తున్నారు, పేపరువాళ్లు కూడా వస్తారు. ఒడ్డు మీద చిన్న సభ పెడుతున్నాం. నీకు శాలువా కప్పుతామన్నారు. రెండు మాటలు మాట్లాడాలి నువ్వు. ఎలా కనిపెట్టావో చెప్పాలి. ఇదిగో, సారు ఇక్కడే ఉన్నారు. నీతో మాట్లాడతానంటున్నారు, ఇస్తున్నా."

జయలక్ష్మికి బెంగాలీ రాదు. మొగుడి మొహం చూసి ఏదో అయిందని తెలుసుకుని అతని చొక్కా పట్టుకుంది. జీవానందానికి ప్రతి మాటా అర్థమైంది. ఆయన మంచం మీది ఫోన్ కోసం చెయ్యి చాచాడు. కామేష్ చటుక్కున గుమ్మం దాటి లోపలికొచ్చి ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఫోన్‌లో కొత్త గొంతు, అదీ బెంగాలీలోనే, వినిపించింది. నిదానంగా, ఆప్యాయంగా.

"శభాష్ అమ్మా. ఏదీ, నీ నోటితోనే చెప్పు. ఎవరు తీశారు మన పలక?"

హెప్సీ ఒక్కసారి తండ్రినీ, ఆయన చెయ్యి వదలని కామేష్‌నీ చూసి, ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"సార్," అంది.